కూల్చడానికి ఐదుగురు, కట్టడానికి అరవై మంది

నార్త్ కరోలినా తూర్పు జిల్లా ఫెడరల్ కోర్టులో ఒక జడ్జి స్థానం 2005 డిసెంబర్ ఆఖరి రోజున ఖాళీ అయింది. అందులో మళ్ళీ ఒక మనిషి కూర్చునేసరికి 2019 డిసెంబర్ వచ్చింది. ఈ లోపల అధ్యక్ష భవనంలో ముగ్గురు మారారు. సెనేట్‌లో ఆధిక్యం ఒక పార్టీ నుంచి ఇంకో పార్టీకి, మళ్ళీ వెనక్కి పోయింది. నేను ఉండే కేరీ పట్టణం ఆ జిల్లాలోకే వస్తుంది. అమెరికా రాజకీయాల్లో సెనేట్ నియమాలు, ఓటు హక్కు, జడ్జీల నియామకం అనే మూడూ మూడు వేర్వేరు గొడవలని అనుకునేవారికి నేను ఈ ఒక్క కుర్చీ కథ చెబుతుంటాను.

ఫెడరల్ జడ్జిని అధ్యక్షుడు ప్రతిపాదిస్తాడు, సెనేట్ ఆమోదిస్తుంది. రాజ్యాంగంలో ఉన్నది ఇంతే. ఆచరణలో మాత్రం జడ్జి ఏ రాష్ట్రంలో పనిచేయాలో ఆ రాష్ట్రపు సెనేటర్లిద్దరికీ జ్యుడీషియరీ కమిటీ ఒక నీలం కాగితం పంపుతుంది. దాన్ని బ్లూ స్లిప్ అంటారు. జిల్లా కోర్టు జడ్జి విషయంలో అది తిరిగి రాకపోతే ఆ పేరు అక్కడే ఆగిపోతుంది. ఎందుకు పంపలేదని అడిగేవారు లేరు, చెప్పాల్సిన అవసరమూ లేదు. ఇది చట్టం కాదు, సభా నియమం కూడా కాదు. నూరేళ్ళుగా నడుస్తున్న ఒక అలవాటు.

ఆ కుర్చీకి అప్పటి అధ్యక్షుడు బుష్ మొదట పంపిన పేరు థామస్ ఫార్. ఆయన మా రాష్ట్ర రాజధాని రాలీలో న్యాయవాది. 2007లో సెనేట్ డెమోక్రాట్ల చేతికి వచ్చింది, ఫార్‌ను విచారణకు కూడా పిలవలేదు. తర్వాత ఒబామా 2013లో జెనిఫర్ మే-పార్కర్ పేరు, 2016లో ప్యాట్రీషియా టిమన్స్-గుడ్సన్ పేరు పంపారు. ఇద్దరూ నల్లజాతి మహిళలు. టిమన్స్-గుడ్సన్ రాష్ట్ర సుప్రీంకోర్టులో న్యాయమూర్తిగా చేసినవారు. జనాభాలో నాలుగో వంతుకు పైగా నల్లజాతివారున్న ఆ జిల్లాలో అప్పటిదాకా ఒక్క నల్లజాతి జడ్జి కూడా కూర్చోలేదు. ఆ రెండు పేర్లూ అప్పటి మా సెనేటర్ రిచర్డ్ బర్ దగ్గర నీలం కాగితం కిందే ఉండిపోయాయి. 2017లో ట్రంప్ వచ్చి మళ్ళీ థామస్ ఫార్ పేరే పంపారు.

ఈ రెండు ప్రతిపాదనల మధ్యకాలంలో ఫార్ చేసిన పని ఏమిటంటే, నార్త్ కరోలినా 2013లో తెచ్చిన ఎన్నికల చట్టం తరఫున కోర్టులో వాదించడం. అసలు విషయం ఆ చట్టంలోనే ఉంది.

1965 ఓటు హక్కు చట్టం వచ్చాక, నల్లజాతివారిని ఓటుకు దూరంగా ఉంచిన చరిత్ర ఉన్న ప్రాంతాలు తమ ఎన్నికల నిబంధనల్లో ఏ చిన్న మార్పు చేయాలన్నా ముందుగా ఫెడరల్ ప్రభుత్వం అనుమతి గానీ వాషింగ్టన్ కోర్టు అనుమతి గానీ తెచ్చుకోవాల్సి ఉండేది. మా రాష్ట్రంలోని 100 కౌంటీల్లో 40 ఆ జాబితాలో ఉండేవి. చట్టం గడువును కాంగ్రెస్ పలుమార్లు పొడిగించింది. చివరిసారి 2006లో 25 ఏళ్ళకు పొడిగించినప్పుడు సెనేట్‌లో 98 మంది అనుకూలం, వ్యతిరేకం సున్నా. ప్రతినిధుల సభలో 390కి 33. అమెరికా కాంగ్రెస్‌లో వివాదాస్పదమైన చట్టానికి అంత మద్దతు రావడం ఈ రోజుల్లో ఊహకు కూడా అందదు.

2013 జూన్ 25న సుప్రీంకోర్టు షెల్బీ కౌంటీ కేసులో 5-4 తేడాతో ఆ చట్టం నడుం విరగ్గొట్టింది. ముందస్తు అనుమతి ఏయే ప్రాంతాలకు వర్తించాలో నిర్ణయించే సూత్రం పాతబడిందని ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ రాశారు. ఆ మాటలో పస లేదని అనను. 1960లు, 70ల నాటి లెక్కల మీద 2013లో ఒక రాష్ట్రాన్ని వేలెత్తి చూపడం సబబా అన్నది అడగదగిన ప్రశ్నే. వర్షంలో తడవడం లేదు కదా అని గొడుగు పారేసినట్టుంది అని జస్టిస్ గిన్స్‌బర్గ్ తన అసమ్మతి తీర్పులో ఇచ్చిన జవాబు కూడా అందరికీ తెలిసిందే. నన్ను ఆపేది తీర్పులోని ఇంకో మాట: కావాలంటే కాంగ్రెస్ కొత్త సూత్రం రాసుకోవచ్చు. చదవడానికి వినయంగా ఉంటుంది. కానీ ఆ కొత్త సూత్రం రాయాలంటే 100 మంది ఉన్న సెనేట్‌లో చర్చ ముగించడానికే 60 ఓట్లు కావాలని, అవి దొరకవని సుప్రీంకోర్టు నుంచి వీధి దాటితే కనిపించే కాంగ్రెస్ భవనం కాపిటల్‌లో ప్రతి గుమాస్తాకూ తెలుసు.

మా రాష్ట్రం ఆలస్యం చేయలేదు. అప్పటికి చిన్నదిగా ఉన్న ఓటరు గుర్తింపు బిల్లు తీర్పు వచ్చాక ఒక్కసారిగా లావెక్కింది. ముందస్తు ఓటింగ్ 17 రోజుల నుంచి 10కి దిగింది. నమోదు చేసుకున్న రోజే ఓటేసే వీలు పోయింది. పొరపాటున పక్క ప్రిసింక్టుకు, అంటే తనది కాని పోలింగ్ ప్రాంతానికి, వెళ్ళి వేసిన ఓటు చెల్లకుండా పోయింది. ఓటరు కార్డు చూపించి ఓటేసే దేశం నుంచి వచ్చినవాణ్ణి కాబట్టి గుర్తింపు అడగడం నాకు తప్పుగా అనిపించదు. తప్పు ఏ కార్డు చెల్లుతుందో, ఏది చెల్లదో నిర్ణయించిన తీరులో ఉంది. ఏ జాతివారు ఏ పద్ధతిలో ఎక్కువగా ఓటేస్తారో శాసనసభ ముందుగా లెక్కలు తెప్పించుకుంది, ఆ తర్వాత నల్లజాతివారు ఎక్కువగా వాడుకునే వీలునల్లా ఏరి తీసేసింది. 2016లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఈ చట్టాన్ని కొట్టేస్తూ, దాదాపు శస్త్రచికిత్స చేసినంత కచ్చితంగా నల్లజాతి ఓటర్లను గురిపెట్టారని రాసింది.

2013లో ఆ చట్టం వచ్చినప్పుడు రాష్ట్ర ప్రతినిధుల సభ స్పీకర్ థామ్ టిల్లిస్. ఈ చట్టం నెగ్గింది సాధారణ మెజారిటీతో. 2015 నుంచి ఆయన అమెరికా సెనేటర్. దీన్ని గుర్తుంచుకోండి.

ఫార్ విషయానికొస్తే, 2018 నవంబర్ 28న ఆయన నియామకంపై జరిగిన ప్రక్రియాపరమైన ఓటింగ్‌లో 50-50 వచ్చింది. ఉపాధ్యక్షుడు పెన్స్ నిర్ణాయక ఓటు వేస్తే పేరు ముందుకు కదిలింది. మరునాడు సౌత్ కరోలినా సెనేటర్ టిమ్ స్కాట్ తాను మద్దతివ్వనని ప్రకటించారు. అప్పుడు సెనేట్‌లో ఉన్న ఒకే ఒక్క నల్లజాతి రిపబ్లికన్ ఆయన. 1990లో మా రాష్ట్ర సెనేటర్ జెస్సీ హెల్మ్స్ ఎన్నికల ప్రచారం, ఓటేస్తే చిక్కుల్లో పడతారన్న అర్థం వచ్చేలా నల్లజాతి ఓటర్లకు లక్షకు పైగా పోస్టుకార్డులు పంపించింది. ఆ ప్రచారానికి న్యాయవాది ఫార్. కార్డులతో తనకు సంబంధం లేదని ఆయన అన్నారు. 1991 నాటి న్యాయశాఖ పత్రం ఒకటి చదివాక స్కాట్‌కు ఆ మాట మీద నమ్మకం కుదరలేదు. అలా ఫార్ కథ రెండోసారి ముగిసి, 2019లో రిచర్డ్ మైయర్స్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు 68-21 ఓట్లతో ఆ కుర్చీలో కూర్చున్నారు.

ఈ కథలో లెక్కలు గమనించండి. జడ్జిని వేయడానికి 51 చాలు, అవసరమైతే 50 మందీ ఒక ఉపాధ్యక్షుడూ చాలు. రాష్ట్రంలో ఓటు హక్కు కత్తిరించడానికి శాసనసభలో సగం కంటే ఒక్కరు ఎక్కువుంటే చాలు. 98 మంది సెనేటర్లు ఆమోదించిన చట్టాన్ని కూల్చడానికి ఐదుగురు జడ్జీలు చాలు. దాన్ని తిరిగి నిలబెట్టడానికి మాత్రం 60 మంది సెనేటర్లు కావాలి.

నా ఫిర్యాదు మొత్తం ఇదే. 60 అనే అంకె మంచిదా చెడ్డదా అన్నది కాదు, అది ఉన్న చోటు తప్పు. ఒక చట్టం చెడ్డదైతే రెండేళ్ళలో వచ్చే ఎన్నికల తర్వాత దాన్ని రద్దు చేసుకోవచ్చు. జడ్జిని అలా తీయలేం, ఆయనది జీవితకాలపు ఉద్యోగం. సుప్రీంకోర్టు జడ్జి క్లారెన్స్ థామస్ 1991లో 52-48తో వచ్చి ఇంకో శతాబ్దంలోకి నడిచారు. దిద్దుకోగలిగే నిర్ణయానికి పెద్ద తాళం, దిద్దుకోలేని నిర్ణయానికి చిన్న గడియ. 2022లో జస్టిస్ జాక్సన్ చేరిన నాటి తొమ్మిది మందినీ తీసుకోండి: థామస్ 52, అలీటో 58, గోర్సచ్ 54, కావనా 50, బారెట్ 52, జాక్సన్ 53. తుది ఓటింగ్‌లో ఆరుగురికి 60 రాలేదు. 60 రాని ఆరుగురు కూర్చున్న బల్ల, 60 దాటి వచ్చిన చట్టాల తలరాత రాస్తోంది.

ఇది రాజ్యాంగ నిర్మాతలు ఆలోచించి పెట్టిన ఏర్పాటు అని కొందరు నమ్మబలుకుతారు. కాదు. రాజ్యాంగం ఒప్పందాలకు, వీటో దాటడానికి, అభిశంసనలో దోషిగా తేల్చడానికి, సవరణలకు మూడింట రెండొంతులు అడిగింది. మామూలు చట్టాలకు ఏమీ అడగలేదు. 1806లో సెనేట్ తన నియమావళిని సర్దుకుంటూ, చర్చ ముగించి ఓటింగ్‌కు వెళ్ళే నియమాన్ని అనవసరమని తీసేసింది. దాంతో మాట్లాడేవాణ్ణి ఆపే దారి లేకుండా పోయింది. ఆ సందులోంచి పుట్టిందే ఫిలిబస్టర్, అంటే మాట్లాడుతూనే ఉండి బిల్లును ఓటింగ్‌కు రాకుండా ఆపడం. 1917లో, యుద్ధపు అంచున, మూడింట రెండొంతుల ఓట్లతో చర్చ ఆపవచ్చని నియమం పెట్టుకున్నారు. 1975లో దాన్ని 60కి దించారు.

ఈ ఆయుధాన్ని ఎక్కువగా ఎవరి మీద వాడారో దాచిపెట్టలేని చరిత్ర. 1957 పౌరహక్కుల బిల్లుకు వ్యతిరేకంగా సౌత్ కరోలినా సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ 24 గంటల 18 నిమిషాలు నిలబడి మాట్లాడారు. 1964 బిల్లును దక్షిణాది సెనేటర్లు 60 పని దినాలు నిలిపేశారు. చివరికి జూన్ 10న 71-29తో చర్చ ఆగింది. ఆ రోజు కాలిఫోర్నియా సెనేటర్ క్లెయిర్ ఎంగిల్‌ను చక్రాల కుర్చీలో సభకు తెచ్చారు. మెదడులో కణితి, మాట పోయింది. పేరు పిలిచినప్పుడు ఆయన వేలితో తన కంటిని చూపించారు, దాన్ని అవును అని రాసుకున్నారు. మరుసటి ఏడాది ఓటు హక్కు చట్టంపై చర్చ 70-30తో ఆగింది. ఆ కాంగ్రెసే 1965 అక్టోబర్‌లో వలస చట్టాన్ని కూడా మార్చింది. జాతీయ మూలాన్ని బట్టి తలుపు మూసే పద్ధతి అలా పోయింది. మనవాళ్ళు డాక్టర్లుగా, ఇంజనీర్లుగా ఇక్కడికి రాగలిగింది ఆ మార్పు వల్లే. అంటే నల్లజాతివారి పోరాటం తోసిన తలుపులోంచే మనమూ లోపలికి వచ్చాం. మన సభల్లో ఈ మాట తక్కువగా వినిపిస్తుంది.

థర్మండ్‌ను నేను అసహ్యించుకుంటాను గానీ, ఆయన కనీసం నిలబడ్డారు. 1970లలో సభ రెండు పట్టాల మీద నడిచే పద్ధతి తెచ్చారు. ఒక బిల్లు ఫిలిబస్టర్‌లో చిక్కుకుంటే దాన్ని పక్కన పెట్టి ఇంకో బిల్లు చూసుకుంటారు. సభ ఆగిపోకూడదన్నది ఉద్దేశం. ఫలితం, అడ్డుకోవడానికి ఇక గొంతు కూడా అక్కర్లేకుండా పోయింది. అభ్యంతరం ఉందని కార్యాలయం నుంచి కబురు పంపితే చాలు. పైగా 60 అంటే హాజరైనవారిలో 60 శాతం కాదు, మొత్తం సభ్యుల్లో 60 మంది. వ్యతిరేకించేవాళ్ళంతా ఇళ్ళలో పడుకుని, 59 మంది వచ్చి అవునన్నా, సున్నా మీద 59 ఓడిపోతుంది.

మనవాళ్ళకు ఈ గోడ బాగా తెలుసు, పేరే తెలియదు. 2010 డిసెంబర్‌లో చిన్నప్పుడు తల్లిదండ్రులతో వచ్చి పత్రాలు లేకుండా పెరిగిన పిల్లల కోసం తెచ్చిన డ్రీమ్ చట్టానికి 55 అవును, 41 కాదు వచ్చాయి. 55 ఓడింది. గ్రీన్ కార్డుల్లో ఏ దేశానికీ ఏడు శాతం మించకూడదన్న పరిమితిని ఎత్తేసే బిల్లు 2019 జులైలో ప్రతినిధుల సభలో 365-65తో నెగ్గింది. సెనేట్‌లో ఓటింగ్‌కు రోజులు కేటాయించే ఆసక్తి నాయకత్వానికి లేదు. కాబట్టి ఏకగ్రీవ అనుమతితో నెట్టాలని చూశారు. అందుకు ఒక్కరు లేచి అభ్యంతరం అంటే చాలు. ఒకసారి ర్యాండ్ పాల్, ఇంకోసారి డేవిడ్ పెర్డ్యూ, మరోసారి డెమోక్రాట్ డిక్ డర్బిన్ ఆ మాట అన్నారు. 2020 డిసెంబర్‌లో ఎలాగో నెగ్గేసరికి అది రూపం మారిన బిల్లు. ప్రతినిధుల సభ బిల్లుతో పొంతన కుదరలేదు, రెండేళ్ళ ఆ కాంగ్రెస్ గడువే ముగిసింది. ఆ రోజుల్లో మా వాట్సాప్ బృందాల్లో ఆ సెనేటర్లకు పడిన శాపనార్థాలు ఇక్కడ రాయదగినవి కావు. నియమాన్ని తిట్టినవాళ్ళు మాత్రం నాకు కనిపించలేదు.

మరి దేనికి 51 చాలు? డబ్బుకు చాలు. బడ్జెట్ సర్దుబాటు అనే ప్రత్యేక దారి ఉంది. మన పార్లమెంటులో మనీ బిల్లు ముద్ర వేసి రాజ్యసభను తప్పించుకోవడానికి దూరపు చుట్టం. 2017 పన్ను కోతలు, 2022లో బైడెన్ వాతావరణ చట్టం, 2025 జులైలో పన్నులు, ఖర్చుల మీద ట్రంప్ పెద్ద బిల్లు అన్నీ ఆ దారినే పోయాయి. చివరిదానికి 50-50 వస్తే, మన పత్రికలు తెలుగింటి అల్లుడని మురిసిపోయే వాన్స్ నిర్ణాయక ఓటు వేశారు. జడ్జీలకూ 51 చాలు. 2013 నవంబర్‌లో డెమోక్రాట్ హ్యారీ రీడ్ కింది కోర్టుల జడ్జీలకు 60 అవసరం లేకుండా చేశారు. 2017 ఏప్రిల్‌లో రిపబ్లికన్ మెక్‌కానెల్ గోర్సచ్ కోసం సుప్రీంకోర్టుకూ దాన్ని వర్తింపజేశారు. అంతకుముందు ఏడాది ఎన్నికలు దగ్గరలో ఉన్నాయని ఒబామా సుప్రీంకోర్టుకు పంపిన మెరిక్ గార్లండ్‌కు విచారణ కూడా జరపని సభే, 2020లో ఎన్నికలకు ఎనిమిది రోజుల ముందు బారెట్‌ను ఆమోదించింది. దీని మీద ఇప్పటికే చాలా సిరా ఖర్చయింది, నేను ఇంకా పోయను. డెమోక్రాట్లేమీ మునులు కారు, బుష్ జడ్జీల మీద 2003 నుంచి ఫిలిబస్టర్ వాడింది వాళ్ళే.

2022 జనవరి 19న లెక్క బయటపడింది. ఓటు హక్కు చట్టాన్ని బాగుచేసే బిల్లుకు జాన్ లూయిస్ పేరు పెట్టారు. ఓటు హక్కు కోసం నడుస్తూ సెల్మా వంతెన మీద 1965 మార్చిలో పోలీసుల దెబ్బకు తల పగిలిన మనిషి ఆయన. బిల్లుకు 60 రాలేదు. ఆ ఒక్క బిల్లుకైనా నిలబడి మాట్లాడే పాత ఫిలిబస్టర్ తెద్దామంటే, 48-52తో అదీ పోయింది. ఇద్దరు డెమోక్రాట్లు, మంచిన్, సినెమా, 50 మంది రిపబ్లికన్లతో కలిశారు. ఆ 50 మందిలో మా టిల్లిస్ ఉన్నారు. రాలీలో సాధారణ మెజారిటీతో ఓటు హక్కు కత్తిరించిన స్పీకరే, వాషింగ్టన్‌లో దాన్ని అతికించడానికి 60 కావాలన్నారు. ఆయన్ని ప్రత్యేకంగా దుర్మార్గుడనడం లేదు, 2025 జూన్‌లో పార్టీని కాదని ట్రంప్ పెద్ద బిల్లుకు వ్యతిరేకంగా నిలబడిన మనిషి. నియమం అలా ఉంటే ఎవరైనా అలాగే ఆడతారు.

నా వాదనకు గట్టి ఎదురువాదం ఒకటుంది. 60 పోతే ముందుగా వచ్చేది నాకు నచ్చని చట్టమే. ఓటరుగా నమోదు కావాలంటే పౌరసత్వ పత్రం చూపించాలన్న సేవ్ బిల్లు 2025 ఏప్రిల్‌లో ప్రతినిధుల సభలో 220-208తో నెగ్గింది. సెనేట్‌లో దాన్ని ఆపిన గోడ ఈ 60నే. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్ళకు, మనలాగా పౌరసత్వం తీసుకున్నవారికి అది తలనొప్పే. మామూలు చట్టాన్ని ఓటర్లు శిక్షించగలరు, కానీ ఓటర్లెవరో నిర్ణయించే చట్టాన్ని ఎవరు శిక్షిస్తారు అని మిత్రుడొకరు అడిగారు. మంచి ప్రశ్న. అయితే ఈ గోడ ఒక వైపే ఉంది. రాష్ట్రాల్లో లేదు. 2025 అక్టోబర్‌లో మా శాసనసభ కాంగ్రెస్ నియోజకవర్గాల పటం మళ్ళీ గీసింది, సాధారణ మెజారిటీతో. నార్త్ కరోలినాలో పటాల మీద గవర్నర్‌కు వీటో కూడా లేదు. పార్టీ లాభం కోసం గీసిన పటాల్లో ఫెడరల్ కోర్టులు తలదూర్చవని 2019లో సుప్రీంకోర్టు 5-4తో చెప్పేసింది, అదీ మా రాష్ట్రం కేసులోనే. కత్తెర వేసే 50 చోట్ల గడియ కూడా లేదు, సూదీదారం ఉన్న ఒక్క చోట తాళం వేశారు. సేవ్ బిల్లు వస్తే రానీ. దాన్ని ఓడించడానికి తిరుగుతాను, ఓడిపోతే రద్దు చేయించడానికి తిరుగుతాను.

మంచి జడ్జీలు వస్తే సరిపోదా అని ఇంకొకరంటారు. వస్తారు, కాదనను. 2024లో రాష్ట్ర సుప్రీంకోర్టు స్థానానికి జరిగిన ఎన్నికలో 55 లక్షలకు పైగా ఓట్లు పడితే తేడా 734. ఓడిన జెఫర్సన్ గ్రిఫిన్ 65 వేలకు పైగా ఓట్లు చెల్లవని కోర్టుకు వెళ్ళారు. వాటిలో అత్యధికం నమోదు రికార్డులో లైసెన్సు నంబరో, సోషల్ సెక్యూరిటీ అంకెలో లేనివి. ఇంటిపేరు ఒక చోట ముందు, ఒక చోట వెనక, ఒక చోట ఒక్క అక్షరంగా ఉండే మన పేర్లతో ఇలాంటి పొంతన కుదరకపోవడం ఎంత తేలికో చెప్పనక్కర్లేదు. నా పేరు ఆ జాబితాలో లేదు, మాకు తెలిసిన ఒకావిడ పేరు ఉంది. ఆవిడ పౌరసత్వం తీసుకుని వేసిన మొదటి ఓటు అది. ఆరు నెలలు నడిచిన ఆ వ్యాజ్యాన్ని 2025 మే 5న ముగించి, ఆట అయ్యాక నియమాలు మార్చడం కుదరదని తీర్పిచ్చింది రిచర్డ్ మైయర్స్. ట్రంప్ నియమించిన జడ్జి. ఆయనకు నేను రుణపడి ఉన్నాను. అయితే ఆ కుర్చీలో ఫార్ కూర్చునే దాకా వచ్చి తప్పింది ఒక్క ఓటు తేడాతో. వేల మంది ఓట్లు ఒక సెనేటర్ మనసు మారడం మీద ఆధారపడితే దాన్ని వ్యవస్థ అని నేను అనలేను.

కాబట్టి నాకు కావలసింది తిరగేసిన లెక్క. జీవితకాలపు జడ్జికి 60 పెట్టండి, లేదా జీవితకాలం తీసేసి గడువు పెట్టండి. రెండోదానికి రాజ్యాంగ సవరణ కావాలంటారు, సరే, మొదటిదానికి అక్కర్లేదు. చట్టాలకు 51 చాలు. అది మరీ దూకుడనుకుంటే, అడ్డుకునేవారు థర్మండ్‌లా నిలబడి మాట్లాడాలి, 60 తెచ్చే బాధ్యత అవతలివారిది కాకుండా 41 మందిని సభలో కూర్చోబెట్టే బాధ్యత ఇవతలివారిది కావాలి. నీలం కాగితం మీద అయితే నాకు జాలి లేదు, కారణం రాసి సంతకం చేయని సెనేటర్ కాగితం చెల్లకూడదు.

ఇదంతా జరగని పని అనేవారు 2025 శరదృతువు చూడాలి. సెప్టెంబర్‌లో రిపబ్లికన్లు నియమం మార్చుకుని, అధికార పదవులకు పేర్లను మూటగట్టి ఆమోదించడం మొదలుపెట్టారు. అక్టోబర్‌లో ఒకే ఓటుతో 107 మంది వెళ్ళిపోయారు. ఆ శరదృతువులోనే నిధులు ఆగి ప్రభుత్వం 43 రోజులు మూతపడి, ఫిలిబస్టర్ ఎత్తేయమని ట్రంప్ స్వయంగా అడిగినప్పుడు మాత్రం సభానాయకుడు థూన్ ఒప్పుకోలేదు. టిల్లిస్ ఖాళీ చేస్తున్న సీటుకు పోటీపడేవారు మన గుళ్ళకు, ఉగాది సభలకు వచ్చి శాలువా కప్పించుకుంటారు. గ్రీన్ కార్డుల వరుస గురించి మనం అడుగుతాం, వాళ్ళు సానుభూతి చెబుతారు. ఈసారి అడగాల్సింది వేరే: ఆ బిల్లుకు 55 ఓట్లు వచ్చిన రోజున అది నెగ్గినట్టా, ఓడినట్టా, మీ ఉద్దేశంలో?